ఆమెన్ అన్నాక నొక్కిన ఫోటో

నౌపడ,
ఫిబ్రవరి 3.

బావగారికి, మరదలు లీలారాణి వందనాలు.

ఫోను చేస్తే మీరు ఆఁ ఆఁ అంటూనే ఉంటారు, పెట్టేశాక "ఏమందే మీ చెల్లెలు?" అని అక్కని అడుగుతారట. చెవి మిషను పెట్టుకున్నా ఇదే సంగతని అక్కే చెప్పింది. అందుకని ఉత్తరం రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లలకి లేఖారచన నేర్పినదాన్ని, నాకిదో లెక్క కాదు. మీరు మాత్రం జవాబు రాయకుండా తప్పించుకోకండి.

విషయం అమ్మ గురించి. కంగారు పడకండి, గుండ్రాయిలా ఉంది. మొన్న మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ ఉన్నట్టుండి అడిగింది. "ఒసే లీలా, నాను పోయినాక జ్ఞాపకార్థ కూడికకి కార్డులు అచ్చేస్తారు గదా. దాని మీద నా ఫోటో ఏది ఎడతారే?"

ఇంట్లో బోలెడున్నాయి, ఏదో ఒకటి పెడతాంలే అన్నాను.

"అన్నింట్లోనూ కళ్ళు మూసీసుకునే ఉన్నాను. కార్డు సూసినోళ్ళు ఈ ముసల్ది ఫోటో తియ్యకముందే పోనాదనుకోరూ?"

పెట్టె తీసి చూశాను బావా. నిజమే. మీ పెళ్ళి ఫోటోలు, నా పెళ్ళి ఫోటోలు, పిల్లల బాప్తిస్మాలు, నాన్న రిటైర్మెంటు, అన్నింట్లోనూ మా అమ్మ చిన్నతల్లి గారు కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. మనవల ఫోన్లలోనూ అంతే. ఒక్క ఆధార్ కార్డులో తెరిచి ఉన్నాయి, అదీ ఆ కుర్రాడు రెప్పలు పట్టుకుని తీశాడు. ఆ ఫోటో చూపిస్తే "ఇదెవురే?" అంది.

సరే, ఫోన్లో మళ్ళీ ప్రయత్నిద్దామన్నాను. ఒప్పుకోలేదు. హాల్లో నాన్న ఫోటో ఉంది కదా, మీరు తీసింది. దాని పక్కన తనది ఉండాలట, దానిలాగే ఉండాలట. "పెనిమిటి నలుపూ తెలుపులో ఉంటే నాను పక్కన రంగుల్లో ఉంటానేటి?" అంది. ఆ మీదట మీకూ ఒక వాత పెట్టింది. "అల్లుడు కోట దగ్గర స్టూడియో ఎట్టి ఊరందరికీ ఫోటోలు తీసినాడు. అత్తకి ఒక్కటి తియ్యలేకపోనాడు."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మీరు రచ్చ గెలిచి మా ఇంట్లో ఓడిపోయారు.

ఇంకో చిక్కుంది. శుక్లాలు ముదిరి అమ్మ ఎండలోకి వస్తే కళ్ళంట నీళ్ళు ధారకడుతున్నాయి. శ్రీకాకుళం డాక్టరు ఆపరేషను చేస్తానన్నాడు. తొంభైకి దగ్గరపడి కొత్త కళ్ళెందుకని ఈవిడ వద్దంది. రోజంతా వంటింట్లో ఉత్తరం కిటికీ పక్కన పీట మీద కూర్చుంటుంది. అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సందెపొద్దులా ఉంటుంది. ఫ్లాష్ కొట్టడానికి వీల్లేదు. ఎలా తీయాలో మీరే చెప్పాలి.

అక్కకి మోకాలు నొప్పి ఎలా ఉంది?

మీ మరదలు,
లీలారాణి.


విజయనగరం,
ఫిబ్రవరి 9.

మరదలు లీలకి, జ్ఞానానందం ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అక్క పైకి చదివింది. 'ఓడిపోయారు' అన్నచోట ఆగి మళ్ళీ చదివింది. నాకు అక్షరాలు కనిపిస్తాయి, చెవే వినపడదు అని చెప్పినా వినలేదు. అక్కాచెల్లెళ్ళు సరిపోయారు.

ఉన్నమాటే రాశావు. అత్తయ్య దగ్గర నా విద్య ఏనాడూ సాగలేదు. కారణం నాకు తెలుసు. ఆవిడ చర్చి పక్క ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. పదిమంది వరసగా నిలబడి గప్‌చుప్‌గా ఉన్నారంటే ఆవిడ లెక్కలో అది ప్రార్థనే. నేను 'రెడీ' అంటాను, అందరూ ఊపిరి బిగబడతారు, ఆవిడ కళ్ళు మూసేస్తుంది. కబుర్లు చెబుతూ తీద్దామని చూశాను. కెమెరా నా కంటికి చేరేలోపు ఆవిడ రెప్పలు దిగిపోయేవి. అంత వేగం నా షట్టర్‌కి కూడా లేదు.

మోకాలి ఆపరేషను అయ్యాక మీ అక్క ఇంకా కర్రతోనే నడుస్తోంది, వదిలి రాలేను. కనక ఫోటో నువ్వే తీయాలి. మా మనవడు స్టాన్లీ పలాస వెళ్తూ దారిలో దిగి ఈ ఉత్తరంతో పాటు కెమెరా ఇస్తాడు. రీలు నేనే ఎక్కించాను. అది నాలుగు వందల స్పీడు రీలు. నీ వంటింటి చీకటికి అది చాలదు. అందుకని కెమెరా మీద అంకెల చక్రం పదహారు వందల దగ్గర పెట్టాను. అంటే నాలుగు వందల రీలుని పదహారు వందలని కెమెరాకి అబద్ధం చెప్పామన్నమాట. కెమెరా ఆ మాట నమ్మి తక్కువ వెలుగుతోనే సరిపెట్టుకుంటుంది. రీలు ఇక్కడికి వచ్చాక మందులో మామూలు కంటే బాగా ఎక్కువసేపు ఉంచి ఆ అబద్ధాన్ని నేను నిజం చేస్తాను. స్టూడియోల్లో దీన్ని పుష్ చేయడం అంటారు. మేము పెళ్ళి పందిట్లో కరెంటు పోయినప్పుడల్లా చేసిన పనే. దీనికి పాపం లేదు, పాస్టరుగారిని అడగక్కర్లేదు.

కొన్ని మాటలు గుర్తుపెట్టుకో. అత్తయ్య మొహం కిటికీ వైపు తిరిగి ఉండాలి. చీకట్లో అసలు లేనిదాన్ని ఎంతసేపు మందులో నానబెట్టినా రప్పించలేను. కాస్తో కూస్తో ఉన్నదాన్నే పైకి తేగలను. లెన్సు పూర్తిగా తెరిచే ఉంచాను, ముట్టుకోకు. మోచెయ్యి గుమ్మానికి ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కు. ఫోటో గరుగ్గా వస్తుంది, ఉప్పు చల్లినట్టు. ఉప్పు పండించే నౌపడ వాళ్ళకి అది కొత్త కాదు.

అన్నిటికంటే ముఖ్యం, ఆ పదహారు వందల అంకె ముట్టుకోకు. ఒక రీలుకి ఒకే అంకె.

నేను నాలుగేళ్ళుగా రీలు కడగలేదు. బాత్‌రూమే నా డార్క్‌రూము, నీకు తెలుసుగా. హైపో మందు వాసన మళ్ళీ మొదలా అని మీ అక్క గొణిగింది కానీ, సబ్బులూ చెంబులూ తనే తీసి బయట పెట్టింది.

నీ బావ,
జ్ఞానానందం.


నౌపడ,
ఫిబ్రవరి 21.

బావగారికి, లీలారాణి వందనాలు.

రీలు అయిపోయింది. వెనక్కి చుట్టి, డబ్బాలో పెట్టి, గుడ్డ చుట్టి దీంతో పాటు పంపుతున్నాను. కడగకముందే చెబుతున్నాను, నేను గెలిచాను.

బుధవారం పదకొండింటికి మొదలుపెట్టాను. అమ్మ పీట మీద చింతపండు ఒలుస్తోంది. మీరు చెప్పినట్టే మొహం కిటికీ వైపు తిప్పించాను. కెమెరా ఎత్తాను, కళ్ళు మూసేసింది. దించాను, తెరిచింది. ఎత్తాను, మూసింది. "అమ్మా, ఇక్కడ నువ్వూ నేనూ తప్ప ఎవరూ లేరు, ఇది ప్రార్థన కాదు" అన్నాను. "నాకు తెలీదేటే? రెప్పలు ఆటంతటవే పడిపోతన్నాయి. అలవాటైపోనాది" అంది. ప్రతిసారీ నొక్కుతూనే ఉన్నాను. నవ్వించాను, తిట్టాను, పక్కింటి మేక వచ్చి చింతపండు తినేస్తోందని కూడా చెప్పాను. కళ్ళు మూసుకునే "హుష్" అంది.

విసిగిపోయి కుర్చీలో కూలబడ్డాను. ఇక చాలు తల్లీ అనబోయి ఎందుకో "ఆమెన్" అన్నాను. గట్టిగా, పాస్టరుగారు అన్నట్టు.

టక్కున కళ్ళు తెరిచింది బావా. తెరిచి నాకేసి చూసింది. నొక్కేశాను. యాభై ఏళ్ళలో మీకు తట్టని ఉపాయం, చూడండి. మీరు 'రెడీ' అనేవారు, 'ఆమెన్' అనాల్సింది.

ఇంకా సగం రీలు మిగిలింది. అది పారేయడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. మా వీధి చివర ఎల్లాజీ ఉన్నాడు, ఉప్పు మడుల్లో పనిచేస్తాడు. తుఫానుకి వాళ్ళ ఇంట్లోకి నీళ్ళొచ్చి ఫోటోలన్నీ పోయాయి. పెళ్ళి ఫోటో లేదు, చచ్చిపోయిన తండ్రి ఫోటో లేదు. అతని తమ్ముడు అప్పలసూరి గుజరాత్‌లో బోట్ల మీదకి పోతాడు. తల్లికి బాగోలేదని నాలుగు రోజులుండి పోదామని వచ్చాడు. అందరూ ఒక్కచోట ఉన్నప్పుడు ఒక ఫోటో తీయండి టీచరమ్మా అని ఎల్లాజీ ఎప్పటినుంచో అడుగుతున్నాడు. గురువారం పదకొండింటికి అప్పలసూరి రైలు. కొత్త బట్టలు కట్టుకుని మడి గట్టు మీద, ఉప్పు కుప్ప ముందు నిలబడ్డారు. ముసలమ్మని మంచంతో సహా మోసుకొచ్చారు. ఒకటి తీశానో లేదో, రైలు సిగ్నలు పడిందని అప్పలసూరి సంచి తీసుకుని పరిగెత్తాడు. మిగిలినవాళ్ళని నిదానంగా తీశాను. ఆఖరున ఉప్పు కుప్పల్ని, కొంగల్ని కూడా తీసి రీలు పూర్తిచేశాను.

బయట ఎండ మండిపోతోంది కదా, అందుకని లెన్సు బాగా కుదించి, అంకెల చక్రం నాలుగు వందలకి తిప్పేశాను. మీరు చెప్పకపోయినా ఆ మాత్రం తెలుసుకున్నాను.

ఫోటోలు ఎప్పుడొస్తాయని అమ్మ రోజూ అడుగుతోంది. ఎల్లాజీ కూడా.

లీలారాణి.


విజయనగరం,
ఫిబ్రవరి 27.

లీలా,

ఒసే, నువ్వు టీచరువేనా? 'ముట్టుకోకు' అన్న మాటకి నీ పుస్తకాల్లో అర్థం ఏమని రాశారు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల. నువ్వు తొక్కావు, కడగాల్సింది నేను.

కోపం తగ్గాకే రాస్తున్నాను, మీ అక్క నిన్న రాయనివ్వలేదు. నువ్వేం చేశావో విను. రీలంతా ఒక డబ్బాలో, ఒకే మందులో, ఒకేసారి మునుగుతుంది. అత్తయ్య ఫోటోల కోసం ఎక్కువసేపు ఉంచాననుకో, ఎల్లాజీ వాళ్ళ మొహాలూ తెల్ల చొక్కాలూ వెనక ఉప్పు కుప్పా కలిసి సున్నం కొట్టిన గోడలా అయిపోతాయి. ఎల్లాజీ కోసం మామూలుగా తీసేశాననుకో, అత్తయ్య వంటింటి చీకట్లోనే ఉండిపోతుంది. రెంటికీ మధ్యరకంగా చేస్తే ఇద్దరికీ అన్యాయం. కక్కలేను, మింగలేను.

మళ్ళీ తీయగలవా? తీయగలిగితే గొడవే లేదు, వెంటనే రాయి.

లేకపోతే ఒక్కటే దారి. చీకట్లోనే రీలుని రెండు ముక్కలుగా కోసి, దేని మందు దానికి పోయాలి. కోయడం కష్టం కాదు. ఎక్కడ కోయాలన్నదే కష్టం. ఫోటోకీ ఫోటోకీ మధ్య ఉండే సందు బియ్యపుగింజ మందం కూడా ఉండదు. చీకట్లో అది కంటికి కనపడదు, వేలికి తగలదు. పైగా నువ్వు రాసినదాన్ని బట్టి, నీ ఆమెన్ ఫోటో పక్కనే ఉన్నది అప్పలసూరి ఉన్న ఫోటో. కత్తెర ఇటు జరిగితే అత్తయ్య కళ్ళు పోతాయి, అటు జరిగితే ఆ తమ్ముడు పోతాడు.

రెండు సంగతులు చెప్పు. ఆమెన్ అన్నది ఎన్నో ఫోటో? గుడ్డిగా చెప్పకు, సరిగ్గా కావాలి. రెండోది, చెయ్యి తప్పితే ఎటువైపు తప్పమంటావు? ఇది నేను తేల్చే మాట కాదు.

ఇంకో మాట రాయక తప్పదు. షుగరు వల్ల నా వేళ్ళకి స్పర్శ బాగా తగ్గింది. ఇడ్లీ వేడిగా ఉందో చల్లగా ఉందో మీ అక్క చెబితేగానీ తెలియడం లేదు. ఇది ముందే చెబితే కెమెరా పంపొద్దంటావని చెప్పలేదు.

జ్ఞానానందం.


నౌపడ,
మార్చి 4.

బావగారికి,

తిట్టండి, పడతాను. ఉత్తరం చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. పొదుపు చేద్దామనుకుని ఇద్దరి ఫోటోల మీదకీ తెచ్చాను.

మళ్ళీ తీయడం కుదరదు. అప్పలసూరి గుజరాత్ చేరిపోయాడు, వానాకాలం వరకూ రాడు. అప్పటికి వాళ్ళమ్మ ఉంటుందో లేదో ఎల్లాజీకే నమ్మకం లేదు. అమ్మ సంగతంటారా, నిన్న ఫోన్ పట్టుకుని ఎదురుగా కూర్చుని ఆమెన్ అన్నాను. కళ్ళు తెరవలేదు. "ఒకపాలి మోసపోనాను. రెండోపాలి పోను" అంది, నవ్వు ఆపుకుంటూ.

ఎన్నో ఫోటో అన్నది నాకు నిజంగా తెలియదు బావా. కెమెరా మీద అంకె చూడలేదు. పదిహేనని ఒకసారి, ఇరవై అని ఒకసారి అనిపించింది. నేను వేళ్ళు మడుస్తూ లెక్కవేస్తుంటే అమ్మ పీట మీదనుంచే అంది. "పదిహేడుపాలు టిక్కుమన్నాది. ఆమెన్‌తో పద్దెనిమిది."

నీకెలా తెలుసమ్మా అన్నాను. "లెక్కెట్టాను."

ప్రార్థన చేస్తున్నావనుకున్నాను, టిక్కులు లెక్కపెట్టావా అన్నాను. చింతపండు జాడీకి మూత పెట్టుకుంటూ కూర్చుంది. ఆవిడ లెక్క ఎప్పుడూ తప్పదు, కోడిగుడ్ల దగ్గర్నుంచి చందా డబ్బుల దాకా. పద్దెనిమిది అనే తీసుకోండి.

రెండో ప్రశ్న నేను ఆవిడనే అడిగాను, దాచడం నా వల్ల కాలేదు. క్షణం కూడా ఆలోచించలేదు. "ఆళ్ళ ఇంట్లో గోడ మీద ఒక్క ఫోటో నేదు. మన గోడ నిండా ఉన్నాయి, నా కళ్ళు మూసుకున్నవే అనుకో. కత్తెర తప్పితే నా ఏపే తప్పమని అల్లుడికి రాయి" అంది.

రాశాను. కానీ బావా, ఆ మాట అన్నాక గోడ మీద నాన్న ఫోటో కేసి చూసింది. తప్పకుండా చూడండి, మీ చెయ్యి.

లీలారాణి.


విజయనగరం,
మార్చి 15.

మరదలు లీలకి,

దీంతో పంపిన ఫోటోల కవరు ముందే విప్పేశావని తెలుసు. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను, లేకపోతే మీ అక్క ఊరుకోదు. ఇందులో పెద్దపాత్ర ఆవిడదే.

నీ ఉత్తరం వచ్చాక నాకో సంగతి గుర్తొచ్చింది. రీలు ఎక్కించింది నేను. నేను ఎక్కించే తీరు మొదటి రోజు నుంచీ ఒక్కటే, రీలు నాలుకలాంటి కొసని చక్రంలో దూర్చడం, రెండు తిప్పులు తిప్పడం. అంటే అదే కెమెరాలో నేను ఎక్కించిన పాత రీలు ఏదైనా కోయకుండా ఉంటే, కొసకి కొస కలిపి పక్కపక్కన పరిస్తే, ఫోటోకి ఫోటో సరిపోవాలి. కోయని రీలు నా దగ్గర ఒకటే ఉంది. మామయ్య, అత్తయ్యల పెళ్ళయి యాభై ఏళ్ళయినప్పుడు మీ ఇంటి ముందు అందర్నీ నిలబెట్టి తీశాను చూడు, అది. మామయ్య ఒక్కరే ఉన్న ఫోటో మాత్రం ప్రింటు వేశాను, మీ హాల్లో ఉన్నదే. ఒక్కదాంట్లోనూ అత్తయ్య కళ్ళు లేవని మిగతాది చుట్టి డబ్బాలో పడేశాను. పనికిరాదనుకున్న ఆ రీలే కొలబద్ద అయింది.

పగటి వెలుగులో దాని పద్దెనిమిదో ఫోటో దాటగానే ఉండే సందు దగ్గర అంచున చిన్న గాటు పెట్టాం. ఆ తరవాత బాత్‌రూము తలుపు సందుల్లో మీ అక్క పాత శాలువా కుక్కి, లైటు తీసేసి, ఇద్దరం కూర్చున్నాం. నేను డబ్బా మూత ఊడదీశాను. ఆపైన నా వేళ్ళ పని కాదు. మిషను స్కూల్లో లేసు అల్లి బహుమతులు తెచ్చుకున్నది మీ అక్క. పాత రీలు మీద కొత్త రీలు పరిచి, అంచున ఉండే చిల్లులు ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోయింది. చీకట్లో నాకు ఆవిడ గాజుల చప్పుడు కూడా వినపడదు కదా, మోకాలి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. గాటు తగలగానే నా చెయ్యి నొక్కింది. చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది, "ఇక్కడే కొయ్యనా?"

"ఒక్క వెంట్రుకవాసి మీ అమ్మ వైపు జరుపు" అన్నాను.

"మా అమ్మ వైపా?"

"ఆవిడ మాటే."

కత్తెర ఆ మేరకు జరిపింది. తరవాత కోసింది.

అత్తయ్య ముక్కని ముందు వేశాను. ఎండలు ముదురుతున్నాయి కదా, మందు వేడెక్కకుండా చుట్టూ ఐసు ముక్కలు పోసి, మామూలు కంటే సగం పైన ఎక్కువసేపు ఉంచాను. డబ్బా తలకిందులు చేస్తూ లెక్కపెడుతున్నంతసేపూ నాకు నా మొదటి పెళ్ళి రీలు కడిగినప్పటి భయం పట్టుకుంది. బాగుంది ఆ భయం. ఇన్నాళ్ళూ అది లేకే కాబోలు ఒంట్లో చలాకీ లేదు.

తీసి తీగ మీద వేలాడదీశాను. నెగటివ్‌లో మూసిన కన్ను నల్లటి ముద్దలా ఉంటుంది. తెరిచిన కన్ను అద్దంలా తెల్లగా ఉండి, మధ్యలో వెలుగు నల్లచుక్కలా కనిపిస్తుంది. పదిహేడు ఫోటోల్లో ముద్దలే. పద్దెనిమిదో దాంట్లో రెండు అద్దాలు, రెండు చుక్కలు. అవి మీ వంటింటి కిటికీ వెలుగు. కత్తెర పడిన అంచున తలుపు రెక్క గోరంత పోయింది, అంతే. మీ అక్కని పిలిచాను. చాలాసేపు చూసింది. "మా అమ్మ" అంది.

ఎల్లాజీ ముక్క మర్నాడు మామూలుగా కడిగాను. అప్పలసూరి సంచితో సహా నిండుగా ఉన్నాడు. వాళ్ళ ఇంటికి పెద్ద ప్రింటు వేసి వెనక అట్ట అతికించాను. తల్లికి విడిగా చిన్నది ఒకటి.

అత్తయ్యది మామయ్య ఫోటో కొలతకే వేశాను. ఏమందో రాయి. మంచీ చెడూ ఉన్నదున్నట్టు రాయి.

నీ బావ,
జ్ఞానానందం.


నౌపడ,
మార్చి 24.

బావగారికి, లీలారాణి వందనాలు. అక్క చేతికి ముద్దులు.

ముందు ఎల్లాజీ సంగతి. ఫోటో రెండు చేతులతో పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు. తుఫాను నీళ్ళు గోడ మీద ఎంతవరకు వచ్చాయో ఆ చార ఇంకా ఉంది. దానికి రెండు జానల పైన మేకు కొట్టి తగిలించాడు. మంచంలో ఉన్న ముసలమ్మ తన చిన్న ఫోటోని తలగడ కింద పెట్టుకుంది, ఎవరొచ్చినా తీసి చూపిస్తోంది. అప్పలసూరికి ఫోన్లో పంపించారు. బోటు మీద అందరికీ చూపించాడట.

ఇప్పుడు అమ్మ సంగతి. భూతద్దం పెట్టుకుని కిటికీ దగ్గర చూసింది. చూసి, "ఇదేటే, ఇంత గయ్యాళిలా ఉన్నాను?" అంది. గయ్యాళివే కదా అన్నాను. "కళ్ళు మూసుకుంటేనే బాగున్నాను" అంది. అని, ఆ ఫోటో నాకు ఇవ్వకుండా సాయంత్రం దాకా ఒళ్ళోనే పెట్టుకుంది. ఇప్పుడు నాన్న పక్కన ఉంది. నాన్న ఎటో చూస్తుంటారు, ఈవిడ సూటిగా మనకేసి చూస్తుంది. నిన్న సంఘం వాళ్ళు వస్తే, "నా అల్లుడు తీసినాడు" అని చెప్పింది. తీసింది నేను. ఆ మాట ఎత్తలేదు, మీకు వదిలేశాను.

బావా, ఇంకోటి రాయాలి. ఆ లెక్క సంగతి నన్ను పీకుతూనే ఉంది. రాత్రి భోజనాల దగ్గర మళ్ళీ అడిగాను. ఫోటో తీస్తుంటే నువ్వు ప్రార్థన అనుకుని కళ్ళు మూసుకుంటావని బావ ఇన్నేళ్ళూ అనుకున్నాడు, నువ్వేమో టిక్కులు లెక్కపెట్టావు, ఏమిటమ్మా నీ నాటకం అన్నాను.

"నాటకమేటే? ఆ రోజు నానొక్కదాన్నే గదా ఉన్నాను. నా ఒక్కదానికోసం ఏటి పార్థన సెయ్యను? ఊరికే కూకోలేక లెక్కెట్టాను."

మరి మిగతా రోజుల్లో?

"మిగతా రోజుల్లో అందరూ ఉండీవోరు. మీరంతా ఒక్కసోట, నోరు మూసుకుని, కదలకుండా నిలబడీది ఎప్పుడే? ఫోటోకే గదా. సర్చిలో కూడా సగంమందే వస్తారు. అందుకని ఆ పళంగా ఒక్కొక్కళ్ళ పేరూ సెప్పుకుని, మళ్ళీ ఇలాగే నిలబెట్టు పెబువా అనీదాన్ని. పేర్లు అయ్యీలోగా అల్లుడు టిక్కుమనిపించీసీవోడు."

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను. "ఎవులూ అడగనేదు" అంది.

నేను పళ్ళెం దగ్గర కూర్చుని ఏడ్చాను బావా. ఆవిడ తినడం ఆపలేదు. "ముందు ఎవురి పేరు సెప్పీదాన్నో తెలుసా?" అని తనే అడిగింది. నాన్న పేరు అన్నాను. కాదంది. అక్కదా, నాదా అన్నాను. కాదంది.

"అల్లుడి పేరు. మీరంతా ఎదురుగా నిలబడి ఉంటారు, దేవుడికి కనిపిస్తారు. ఆ బాబు ఎప్పుడూ కెమెరా ఎనకాలే ఉంటాడు. ఏ ఫోటోలోనూ ఉండడు. దేవుడు ఎక్కడ మర్సిపోతాడోనని ముందు ఆ పేరే సెప్పీదాన్ని."

ఉన్నదున్నట్టు రాయమన్నారు, రాశాను.

లీలారాణి.


విజయనగరం,
ఏప్రిల్ 2.

లీలా,

నీ ఉత్తరం ఈసారి మీ అక్కని పైకి చదవనివ్వలేదు. నేనే చదువుకున్నాను. చదివి బాత్‌రూములోకి పోయి తలుపేసుకున్నాను. కాసేపటికి మీ అక్క కర్రతో తలుపు కొట్టింది.

ఆ యాభయ్యో పెళ్ళిరోజు రీలు తీశాను, అంచున గాటు పెట్టింది. నిన్నటి నుంచి అందులో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా ప్రింట్లు వేస్తున్నాను. మామయ్య ఉన్నారు, మీ ఆయన ఉన్నాడు, మీ అక్క చంకలో పసివాడు స్టాన్లీ ఉన్నాడు, నువ్వు తలనిండా పూలు పెట్టుకుని, టీచరువై కూడా సిగ్గులేకుండా పళ్ళికిలించి నవ్వుతున్నావు. మధ్యలో అత్తయ్య కళ్ళు మూసుకుని ఉంది. ఇన్నాళ్ళూ ఆ మొహం చూసి నా పని చెడిందనుకున్నాను. ఇప్పుడు పెదాలు చూస్తున్నాను. ఒక ఫోటోలో కొంచెం తెరుచుకుని ఉన్నాయి, మధ్యలో ఎవరి పేరో ఉంది. నేను కంగారుపడి తొందరగా నొక్కేశాను కనక ఎవరి పేరు దగ్గర ఆగిపోయిందో తెలియదు.

మొదటి పేరు అయిపోయే ఉంటుంది. నేను ఇంకా ఉన్నాను కదా.

మీ అక్క ఇప్పుడు మెట్లు దిగగలుగుతోంది. ఈస్టరుకి వస్తున్నాం. సమాధుల తోటలో ఆరాధన అయ్యాక అందర్నీ ఇంటి ముందు నిలబెడదాం. ఎల్లాజీ వాళ్ళని కూడా పిలు. నా కెమెరాకి టైమరు ఉంది, ఈసారి నేనూ వచ్చి నిలబడతాను. ఆవిడకి చెప్పు, తొందర లేదు. పేర్లన్నీ అయిపోయి ఆవిడ ఆమెన్ అన్నాకే ఫోటో అనుకున్నాను గానీ, అదీ వద్దు. ఇకమీదట ఆవిడ కళ్ళు మూసుకున్నాకే నొక్కుతాను.

నీ బావ,
జ్ఞానానందం.